సాక్ష్యం చెప్పాక ఆపేసిన మందు

వాన కురిపించి గడ్డిని మొలిపించే దేవునికి, మన తెలివితక్కువ పనులు చూసి కూడా మనల్ని విడిచిపెట్టని తండ్రికి స్తోత్రం.

నారాయణగూడలో మా ప్రార్థనా మందిరం ముందున్న లాన్ బాధ్యత నాది. మొన్నటి వానల్లో అందులో గుండ్రటి గోధుమరంగు మచ్చలు లేచాయి. బూజు తెగులు. కోఠి నుంచి మందు తెచ్చి, పొద్దున మంచు ఆరాక, మచ్చలతోపాటు చుట్టూ ఉన్న పచ్చగడ్డి కూడా సమంగా తడిసేలా పిచికారీ చేశాను. రాత్రంతా ఆకు తడిగా ఉండకూడదని సాయంత్రం నీళ్ళు పెట్టడం మానేశాను. తెగులు ఆగింది.

మా సంఘంలో ఆదివారం సాక్ష్యాలు చెబుతారు, అంటే దేవుడు చేసిన మేలును లేచి అందరి ముందు చెప్పుకుంటారు. ఆ వారం నేను లేచి, మన ప్రార్థన విని దేవుడు లాన్‌ను బాగుచేశాడని చెప్పాను. అందరూ హల్లెలూయ అన్నారు. మందు సంగతి ఎత్తలేదు.

ముసురు వదలకపోతే ఆ మందు ఒక్కసారితో సరిపోదు, సీసా మీద రాసిన గడువుకు మళ్ళీ కొట్టాలి. గడువు వచ్చింది. పంపు భుజానికెత్తుకున్నాను. ప్రార్థనకు వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. దేవుడు బాగుచేశాడన్నవాడు మళ్ళీ మందు కొడితే ఏమనుకుంటారు? పంపు తీసుకెళ్ళి గదిలో పెట్టేశాను. అదే నా విశ్వాసం అని సర్దిచెప్పుకున్నాను.

అశోక్ నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో వంట చేసే మా సంఘ సహోదరి, నా సాక్ష్యం విని, కూతురి పెళ్ళి విందు ఆ లాన్‌లోనే పెట్టుకుంది. ఫంక్షన్ హాలు ఆమెకు అందేది కాదు. పచ్చటి గార్డెన్‌లో విందు అని మగపెళ్ళివారికి గొప్పగా చెప్పుకుంది. పెళ్ళి దగ్గరపడ్డాక ఒక ఉదయం చూడటానికి వచ్చింది. అప్పటికి మచ్చలన్నీ పాకి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి.

"ఏందన్నా ఇది? మంచిగైందని నువ్వే చెప్పినవ్ గద!"

"తెగులు మళ్ళొచ్చిందమ్మా."

"మరి మందు కొట్టలేదా?"

నేను మెట్ల మీద కూర్చున్నవాళ్ళ వైపు చూశాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"సాక్ష్యం చెప్పినంక మందు కొడితే ఇజ్జత్ పోతదనుకున్నవా? మరి నా ఇజ్జత్ సంగతేంది అన్నా?"

అప్పుడే పంపు తెచ్చాను. మెట్ల మీది పెద్దాయన ఒకరు, "ఏందన్నా, దేవునికి జర సాయం చేస్తున్నవా?" అన్నారు. పక్కవాళ్ళు నవ్వారు.

"ఇది పాకకుండా ఆపుతది గని, చచ్చిన గడ్డిని లేపదమ్మా," అని సహోదరితో అన్నాను.

"ఉన్నదన్న మిగలనీ. కొట్టు."

పెళ్ళి నాటికి కొత్త చిగుళ్ళు రాలేదు. టెంట్‌హౌస్ తివాచీలు సగమే కప్పాయి. వియ్యపురాలు ఎండిన గడ్డిని చెప్పుతో కదిపి, "గార్డెనంటే ఇదేనా వదినా?" అంది.

"వానలకు గిట్లయింది వదినా," అని సహోదరి నవ్వేసింది. నేను పెరుగు గిన్నెతో పక్కనే ఉన్నాను. నా వైపు చూడను కూడా చూడలేదు. తప్పు నాదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నేను పక్క విస్తరిలో పెరుగు వడ్డించాను.

చిక్కడపల్లిలో మా ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. సంఘం ముందు లేచి నిజం ఇంకా చెప్పలేదు. చదువుతున్న మీరు నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, గడ్డి మాటెత్తి అత్తింట్లో ఎవరూ ఆ బిడ్డను దెప్పకుండా చూడు. వచ్చే ఆదివారం నాకు లేచి నిలబడే బలమివ్వు. ఆమేన్.