మూడున్నర కిలోల చక్రం, పందొమ్మిది స్పీడ్ బ్రేకర్లు

అరబ్బు దేశపు చమురు పట్టణం ధహ్రాన్ చివర, వర్క్‌షాపులన్నీ ఒకచోట చేరిన సనాయా పేటలో భోజన్న పద్నాలుగేళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నాడు. సొంతూరు నిర్మల్ దగ్గర. బడిలో నేర్చిన పని కాదు. విప్పి చూసి, రెండుసార్లు చెడగొట్టి, మూడోసారి నేర్చుకున్నాడు.

ఆ ఏడు అతనికి కావలసింది ఒక్కటే, వానలకు ముందు ఊరికి పోయే ఛుట్టీ. ఊళ్లో భార్య ముత్యవ్వ గోడలు లేపి, స్లాబుకు సెంట్రింగ్ కొట్టించి, అతనొచ్చి చువ్వలు చూస్తే తప్ప కాంక్రీట్ పోయనివ్వనని కూర్చుంది. "మేస్త్రి మంచోడే. గని నీ కన్ను వడాలె" అంది ఫోన్‌లో. షెడ్డు యజమాని అయిన కఫీల్ దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం ఇస్తానన్నాడు, ఒక షరతు మీద. ముందు కుమార్ కారు నడవాలి.

కుమార్ పెద్ద చమురు కంపెనీలో ఇంజనీరు, కాకినాడ మనిషి. విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చే కారొకటి తెప్పించి, ఇంజన్ మాత్రం పాత కార్ల తుక్కు నుంచి ఏరుకొచ్చాడు. కారు బిగించింది భోజన్న, బిగించానని చెప్పుకునేది కుమార్. దాంట్లో ఇద్దరికీ పేచీ లేదు.

పేచీ ఫ్లైవీల్ దగ్గర వచ్చింది. ఇంజన్ వెనక క్లచ్‌ను మోసే బరువు చక్రం అది. తన తిరుగుడు ఊపుతో ఇంజన్ ఆగిపోకుండా చూస్తుంది. ఇంజన్‌తో వచ్చిన పాతది ఎనిమిది కిలోలుంది.

"ఇది చూడండి భోజన్నా, అల్యూమినియం, మూడున్నర కిలోలు." కుమార్ ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. "నలభై మోడల్స్ కంపేర్ చేశాను. దీనికన్నా లైట్ వెయిట్ ఇంకోటి లేదు. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ ఎలా లేస్తుందో తెలుసా?"

"లేస్తది సార్. లేసినంత జల్ది పడ్తది గూడ. బరువు అంచుకున్నదా, నడుమున్నదా? గది రాసిండ్రా ఇండ్ల?"

కుమార్ నలభై వరుసలూ వెతికాడు. ఆ గడి లేదు. "టోటల్ వెయిట్ కదండీ ముఖ్యం."

"మా నాయిన సారె మీద కుండలు చేసెటోడు సార్. సారె అంచుకు మేక వెంట్రుకలు కలిపిన మన్ను మెత్తెటోడు, బరువుకు. గదే మన్ను నడుమ మెత్తితే ఫాయిదా లేదు. మీరు కారు ఏడ నడుపుతరు?"

"మా కంపెనీ ఇళ్ల కాంపౌండ్‌లోనే."

"ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నయ్?"

"అదేం ప్రశ్నండీ?"

కుమార్ ఆ చక్రమే తెప్పించాడు. అది రాగానే భోజన్న క్లచ్ ఆనే వైపు తుడిచి, బోల్టులు వరుస తప్పకుండా కొలత ప్రకారం బిగించాడు. నచ్చని వస్తువునైనా వంకరగా బిగించడం అతనికి చేతకాదు.

శుక్రవారం కుమార్ స్నేహితులను పిలిచి కారు బయటికి తీశాడు. ఇంటి నుంచి గేటుకు పందొమ్మిది స్పీడ్ బ్రేకర్లని ఆ రోజే తెలిసింది. వాటిలో పదకొండు బ్రేకర్ల మీద ఇంజన్ ఆగింది. మొదట్లో పెట్రోల్ మంచిది కాదన్నాడు, తర్వాత ఎండ అన్నాడు. పన్నెండో దాని దగ్గర చెత్త లారీ వెనక నుంచి హారన్ కొట్టడంతో స్నేహితుల చేత కారు పక్కకు తోయించాడు.

మర్నాడు ఒంటరిగా షెడ్డుకు వచ్చాడు. "ఆ పాతది పారేశారా?"

"నూనె రాసి గుడ్డ చుట్టి వెట్టిన సార్."

"అది వేసేయండి. కానీ ఎవరితోనూ అనొద్దు."

"నేనెందుకంట సార్. నాకు ఛుట్టీ పోవాలె."

ఎవరితోనూ అననని మాట ఇచ్చాడు. పాత చక్రాన్ని మాత్రం ఉన్నదున్నట్టు వేయలేదు. పగుళ్లు లేవని చూసుకుని, పక్క షెడ్డులో లేత్ మిషన్ మీద ఇనుము కోసే పాకిస్తానీ అర్షద్ దగ్గరికి తీసుకుపోయాడు. కుమార్ కోరిన చురుకు కొంతైనా దక్కాలని అంచు వెనక కొంచెం కోయించి, ఆరున్నర కిలోలకు దించి, బ్యాలెన్స్ చేయించి బిగించాడు. ఈసారి పందొమ్మిదీ దాటి కారు గేటు బయటికి పోయింది.

కుమార్ వీడియో తీశాడు. అల్యూమినియం చక్రాన్ని చేత్తో పట్టుకుని తేలిక బరువు గొప్పతనం ఇరవై నిమిషాలు చెప్పాడు. అది కారులో ఉందని అనలేదు, లేదనీ అనలేదు.

తర్వాతి శనివారం ఆ వీడియో చూసిన ముగ్గురు ఇంజనీర్లు షెడ్డు ముందు దిగారు. వాళ్లకూ అలాంటి చక్రమే కావాలి. కఫీల్ ముఖం వెలిగింది. "భోజన్, అవ్వల్ కామ్. ఛుట్టీ బాద్ మే," అన్నాడు. ముందు పని, ఛుట్టీ తర్వాత.

భోజన్న చేతులు తుడుచుకున్నాడు. కుమార్ గుట్టు తను బయటపెడితే ముగ్గురూ క్షణంలో తిరిగి వెళ్లిపోతారు. కానీ మాట ఇచ్చాడు. అందుకని ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"మీరు ఏడ నడుపుతరు సార్?"

"ఇంటి నుంచి ఆఫీసుకి."

"గీ చక్రం మీకద్దు. ఎయిర్ ఫిల్టర్ మార్చుకోన్రి, సాలు."

రెండో ఆయన కారుకు గేర్లు వాటంతటవే పడతాయి. "మీదాంట్ల గీ చక్రమే ఉండది సార్. ఏడ వెట్టాలె?"

మూడో ఆయనకు కుమార్‌కు ఉంది కాబట్టి కావాలి.

"గట్లయితే కుమార్ సార్ కాంపౌండ్ల ఇల్లు గూడ తీసుకోవాలె సార్."

అరగంటలో షెడ్డు ముందు ఖాళీ అయింది. వచ్చిన పనిని వెళ్లగొట్టిన మెకానిక్‌ను కఫీల్ మొదటిసారి చూశాడు. "మజ్నూన్," అంటే పిచ్చోడని గొణుక్కున్నాడు. ఇతను రెండు నెలలు కళ్ల ముందు లేకపోతేనే షెడ్డు బాగుపడుతుందని తోచినట్టుంది. సాయంత్రానికి ఎగ్జిట్ కాగితం వచ్చింది.

భోజన్న ఇంటికి ఫోన్ చేశాడు. "వస్తున్న. నేనొచ్చే దాంక సెంట్రింగ్ మీద ఎవ్వల్నీ తొక్కనియ్యకు."

"ఛుట్టీ ఎట్లిచ్చిండు?" అంది ముత్యవ్వ.

"వచ్చిన పని చెడగొట్టిన."

"నువ్వా?" అంది. "సక్కగ చెప్పు. ఏమైంది?"