జలాల్ జవాబు

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద నా పంక్చర్ షాపు పక్కనే జలాల్ పెయింటింగ్ షెడ్డు ఉండేది. లారీల వెనక గులాబీలు, నెమళ్ళు, డ్రైవర్ల పెళ్ళాం పిల్లల పేర్లు అన్నీ అతని చేతి పనే. ఎవరెవరి భార్యల పేర్లో అంత అందంగా రాసే మనిషి, తన భార్య పేరు పలకగా నేనెన్నడూ వినలేదు. "మా ఇంట్ల" అనేవాడు, అదీ నేల చూస్తూ. పెద్దవాళ్ళ ముందు పెళ్ళాం ఊసెత్తడం వాళ్ళింట్లో బేఅదబీ, మర్యాద తప్పడం. ఆ మాటకొస్తే మా ఇంట్లోనూ అంతే.

ఆ భార్య షరీఫున్నీసా, జలాల్ మేనమామ కూతురు. పసితనంలోనే తల్లిదండ్రులతో బ్రిటన్ వెళ్ళి బ్రాడ్‌ఫోర్డ్‌లో పెరిగింది. ఎనభై రెండులో ఇక్కడికొచ్చి జలాల్‌ను నిఖా చేసుకుని మూడు నెలలుంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చి, అతను బొమ్మ వేస్తుంటే ముసుగెత్తి చూస్తూ నిలబడేది. ఆ మూడు నెలల్లో పింఛం విప్పని నెమలి ఒక్కటీ షెడ్డు దాటలేదు. నేను ఆటపట్టిస్తే జలాల్ చెవులు ఎర్రబడేవి.

తల్లికి పక్షవాతం వచ్చిందని కబురొస్తే ఆమె తిరిగి వెళ్ళింది. మంచం పట్టిన తల్లిని వదిలి ఇక రాలేకపోయింది. కలిసి కాపురం చెయ్యాలంటే జలాలే అక్కడికి పోవాలి. మొగుడు పెళ్ళాం దగ్గరికి పోవడానికి వీసా కావాలి.

అర్జీ పెట్టిన ఏడాదిన్నర తర్వాత బొంబాయిలోని బ్రిటిష్ వీసా ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. తెలిసిన లారీలో నేనూ తోడు వెళ్ళాను. కొత్త సఫారీ సూటు వేసుకుని లోపలికి పోయిన జలాల్, బయటికొచ్చి నా పక్కన ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు.

"ఏమడిగిన్రు?" అన్నాను.

"మీ రివాజుల పెండ్లయినంక పిల్లనే మొగని ఇంటికి రావాలె గదా, నువ్వెందుకు పోతున్నవ్ అన్నరు. పెద్దోళ్ళు పొమ్మన్నరని చెప్పిన."

"ఆమె మీద ప్రేమ ఉన్నదా అని అడగలేదా?"

"అడిగిన్రు." సఫారీ మెడ గుండీ విప్పుకున్నాడు. "నా మాటలు దొరకు ఇంగ్లీషుల చెప్పెటాయన తెల్లగడ్డం పెద్దమనిషి, సంగప్పన్నా. మా అబ్బా వయసు. ఆయన ముందర ఎట్ల చెప్త? తల వంచుకున్న."

నాకు ఒళ్ళు మండింది. "పిచ్చోడా, నువ్వొచ్చిందే ఆ మాట చెప్పెటందుకు!" అని అరిచాను. అరిచానే గానీ, నన్నడిగినా నేనూ తలే వంచుకునేవాణ్ణి.

పెళ్ళి భార్య కోసం కాదు, బ్రిటన్‌లో ఉండిపోవడానికేనని తేల్చి వీసా లేదన్నారు. అప్పీలు వేశారు. అక్కడ షరీఫున్నీసా నిలబడి, నా భర్తకు నేనంటే ప్రాణం అని చెప్పిందట. అతనే చెప్పని మాట నువ్వెలా చెబుతావన్నారట. అప్పీలూ పోయింది. పోనీ, ఒకసారి చూసి వస్తానని జలాల్ మళ్ళీ వీసాకు అర్జీ పెట్టుకున్నాడు. దానికీ లేదన్నారు. భార్య అక్కడుంది కాబట్టి తిరిగి రాడట. ప్రేమ లేదన్నదీ వాళ్ళే, ప్రేమతో ఉండిపోతాడన్నదీ వాళ్ళే. ఆ రోజు నేను తిట్టిన తిట్లు రాస్తే బాగుండదు.

ఎనభై ఏడులో మేనమామ ఒక్కడే వచ్చాడు. జలాల్ తండ్రి బాబా మియా ఇంట్లో ఖాజీ, నలుగురు పెద్దలు కూర్చున్నారు. నన్నూ పిలిచారు. అప్పీలు పోయింది, పిల్ల వయసు పోతోంది, తలాఖ్ ఇచ్చెయ్యమని మేనమామ బతిమాలాడు. "అది ఏడుస్తున్నది. నువ్వు ఆగుమంటే ఆగుతనంటది. నీ చేతుల్నే ఉన్నది" అన్నాడు.

ఖాజీ అడిగాడు. "జలాల్, నీ మాటేంది?"

జలాల్ తల వంచుకుంటాడనే అనుకున్నాను. వంచుకోలేదు. ఉర్దూలోనే అన్నాడు, నాకు మాత్రం తెలుగులో గుర్తుంది.

"షరీఫున్నీసా అంటే నాకు పానం. అయిదేండ్లాయె, అన్నం ముందర కూసున్నప్పుడల్లా ఆమెనే యాదికొస్తది. నాకు ఆమె తప్ప ఎవరొద్దు."

గదిలో పెద్దలందరూ తలలు వంచుకున్నారు. బాబా మియా తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అయినా ఆగుమని ఎట్లంట, మామూ? ఇంకెన్నేండ్లు కూసుంటది? జర మంచోన్ని చూసి చెయ్యున్రి" అని, జలాల్ తలాఖ్ చెప్పేశాడు.

ఇద్దరం షెడ్డుకు నడిచి వచ్చాం. రంగు డబ్బా మూత తీయబోయి ఆగి నా వైపు చూశాడు.

"సంగప్పన్నా, ఇయ్యాల మా అబ్బా ముందరనే చెప్పిన గదా. ఆనాడు ఆ తెల్లగడ్డమాయన ముందర చెప్తే ఏమైతుండె?"

నేను ఆ డబ్బా అందుకుని మూత తీసిపెట్టాను.