ఆకుపచ్చ మరకల స్కార్ఫులు

నేను స్కౌట్ మాస్టరుగా ఉన్న రోజుల్లో మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ బాధపడింది మా నాయన. జీతం లేదని కాదు, నిక్కరు వేసుకుంటానని. పెండ్లయిన మగవాడు మోకాళ్లు బయటపెట్టుకుని చింతామణి బజారులో నడవడం మా వంశంలో అదే మొదలట. ఆదివారం పొద్దున ఖాకీ నిక్కరు, మెడలో పసుపుపచ్చ స్కార్ఫు, చేతిలో కర్రతో నేను బయలుదేరితే, ఆయన అరుగు మీంచి లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. మా ఆవిడ వాకిట్లో నిలబడి మరీ నవ్వేది.

"పిల్లోడు పుట్టినంక మీరే చిన్నపిల్లోడయినారు. ఇంగ ఇద్దర్నీ నేనే సాకల్ల."

వారమంతా వేరుశనగ, రాగి సేద్యం. ఆదివారం వస్తే హైస్కూలు స్కౌటు పిల్లలు. "ఏమిస్తారప్పా నీకు?" అని అడిగినవాళ్లకి, "ఒక విజిలిచ్చినారు" అని మెడలోది తీసి చూపించేవాణ్ని. ఆ విజిలంటే నాకు మహా గర్వం.

ఆ ఏడు దసరా సెలవుల్లో నంది కొండ కింద క్యాంపు అనుకున్నాం. పిల్లలందరూ ఎగిరి గంతేశారు, ఒక్కడు తప్ప. వాడే వాళ్లకి నాయకుడు. ముడులు వేయడంలో వాడికి సాటి లేదు, వాడు రాకపోతే మా గుడారాలు నిలబడవు. వాడిది జంగమకోటె పక్క పల్లె. తండ్రి పోయాడు. తల్లి పట్టుపురుగులు పెంచి వాణ్ని చదివిస్తోంది.

"పురుగులు నాలుగో జ్వరం లేసినాయి సార్. గూటికెక్కేదాకా మాయమ్మ నన్ను ఇడిసిపెట్టదు," అన్నాడు ఏడుపు మొహంతో.

పట్టుపురుగు మధ్యమధ్య మేత మానేసి, పడుకుని, చర్మం విడుస్తుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. ఆఖరి జ్వరం నుంచి లేచాక దాని ఆకలి చూడాలి! ఎంత మల్బరీ ఆకు వేసినా చాలదు. మేత మాని పట్టుగూడు అల్లడం మొదలుపెడితే గూటికెక్కినట్టు. ఆ రోజుల్లో ఇంట్లో మనిషిని పెండ్లికి కూడా పంపరు. సెలవులు చూసి క్యాంపు పెట్టేవాడికి పురుగులెక్కడ గుర్తొస్తాయి!

నేనే వాళ్ల ఊరికి వెళ్లి తల్లితో మాట్లాడాను.

"మేమంతా వచ్చి ఆకు కోస్తాం తల్లీ. పురుగులు వేళకి గూటికెక్కితే పిల్లోణ్ని పంపల్ల."

"ఎక్కితే పంపుతానప్పా. ఎక్కకపోతే క్యాంపు కాదు, వాని శాలె కూడా నిల్సిపోతాది. వాని సదువంతా ఈ పంట మీదనే ఉండాది," అందామె.

ఆదివారం మా దండు దిగింది. పిల్లలు తోటలో ఆకు కోశారు. నేనూ, మా నాయకుడూ కాళ్లు కడుక్కుని పురుగుల గదిలోకి వెళ్లి తట్టలు శుభ్రం చేశాం. వాడి స్కార్ఫు చిలక్కొయ్యకి వేలాడుతోంది. పని ముగించి బయటికి వచ్చేసరికి ఆకు కుప్పంతా నిగనిగలాడుతోంది. మా బస్తీ శిఖామణులు బావిలో నీళ్లు తోడి, తోటకూర కడిగినట్టు ఆకునంతా కడిగేశారు!

"దుమ్ముండె సార్, కడిగేసినాం. ఇదే మా ఈ పొద్దు మంచిపని," అన్నారు మొహాలు వెలిగిపోతూ. రోజుకొక మంచిపని చెయ్యమని నేర్పింది నేనే మరి.

ఆ తల్లి చూసింది. "అయ్యో నా తల్లీ! తడాకు తింటే పురుగు కక్కి సస్తాదప్పా! ఎవురు పిల్సినారు మిమ్మల్ని ఈడికి?" అని నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది. తోటలో కోయడానికి ముదిరిన ఆకు ఇంక మిగల్లేదు. లోపల పురుగులు మేత కోసం తలలెత్తి చూస్తున్నాయి.

నాకు వచ్చిన కోపానికి నా చేతిలో కర్ర విరిగేదే. దాన్ని పక్కన పడేసి విజిల్ వేశాను.

"స్కార్ఫులు తీయండ్రా! ఒక్కో ఆకూ తుడవండి. రెండు పక్కలా!"

మా నాయకుణ్ని లోపల పురుగుల దగ్గరే ఉంచి, మిగతా అందరం కూర్చుని తుడిచాం. తల్లి మా మధ్య కూర్చుని ఒక్కో ఆకునూ చెంపకి ఆనించి చూసేది. చెమ్మ తగిలితే మళ్లీ మా మీదికే విసిరేది. పొద్దు వాలేసరికి మా మెడల్లోని పసుపు స్కార్ఫులన్నీ ఆకుపచ్చగా మారాయి. ఆ ఆకే పురుగులకి వేసింది. వేరే దారి లేదు కదా.

తరువాత నాకు అన్నం సయించలేదు. జంగమకోటె నుంచి బస్సు రాగానే పరుగెత్తేవాణ్ని. కండక్టరు టాపు మీద మూటలు దించుతూనే అరిచేవాడు: "తింటాండాయంటప్పా! సావలేదంట!" చివరికి మా నాయన కూడా నిక్కరు సంగతి మరచిపోయి, "పురుగులెట్లుండాయిరా?" అని అడిగాడు.

క్యాంపుకి బయలుదేరే రోజు వచ్చింది. బస్టాండులో పిల్లలు వరసగా నిలబడ్డారు. ఎంత సబ్బు రుద్దినా ఒక్కడి స్కార్ఫుకీ మరక పోలేదు. మా నాయకుడు మాత్రం రాలేదు. మేమెక్కాల్సిన బస్సు డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. ఇక లాభం లేదనుకుంటుండగా జంగమకోటె బస్సు వచ్చి ఆగింది. తల్లీ కొడుకులు దిగారు.

"ఎక్కినాయప్పా! అన్నీ గూటికెక్కినాయి!" అందామె దూరం నుంచే.

వాడు పరుగున వచ్చి వరసలో నిలబడ్డాడు. మెడలో ఉతికి మడత పెట్టిన స్కార్ఫు, తళతళా పసుపుపచ్చగా. పక్కవాళ్ల స్కార్ఫుల వైపు చూసుకుని తల దించుకున్నాడు. తల్లి ఆ వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. ఆమె కొంగు ఒడిలో ఇంకా కాస్త మల్బరీ ఆకు ఉంది. దాన్ని రెండు చేతులా నలిపి, కొడుకు స్కార్ఫుకి గట్టిగా రుద్దింది.

"ఇబ్బుడు మీ అందరి మాదిరే ఉండాడు. పిల్సుకోనిపోప్పా," అంది.

బయలుదేరమని విజిల్ వేయాల్సింది నేను. నోట్లో పెట్టుకున్నాను గాని ఆ కొత్త మరకనే చూస్తూ ఊదడం మరచిపోయాను. మా బస్సు కండక్టరే వేశాడు.