డిక్కీలో గొంగడి

తొండూరులో అక్కమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. గొర్రె ఈనలేక తన్నుకుంటున్నా, పసిబిడ్డ పాలు పట్టక ఏడుస్తున్నా ముందు ఆమెకే కబురు వస్తుంది. మనిషి బక్కపలచన. పెద్ద గాలి వీస్తే కొట్టుకుపోతుందేమో అనిపిస్తుంది. కానీ పొట్టేలును కొమ్ములు పట్టి వంచిందంటే అది కదలాలన్నా కదలలేదు. మాట మటుకు శానా తక్కువ. మొగుడు పుల్లన్న బతికున్నన్నాళ్ళూ ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడేసేవాడు.

పుల్లన్న గొర్రెల మందతోనే పెరిగి, మందతోనే ముసలివాడైన మనిషి. అటువంటివాడు ఒకరోజు పులివెందులకు పోయి, ఎవరో వాడి పక్కన పెట్టేసిన తెల్లకారును కొనుక్కొని వచ్చాడు. ఊరంతా నవ్వింది.

"గొర్రెలు కాసేవానికి కారేందప్పా? దాంట్లో కూర్చోని మేపుతావా?"

"ఇది నాకు గాదులే, నా గొర్రెకు" అన్నాడు పుల్లన్న. "పిల్లకు రోగమొస్తే పులివెందుల ఆసుపత్రికి మోసకపోలేక సస్తాండా. ఆటోవాడు గొర్రెను సూస్తానే మొగం తిప్పుకుంటాండు."

అన్నట్టే రోగమొచ్చిన గొర్రెపిల్లలను డిక్కీలో గడ్డి పరిచి పడుకోబెట్టుకొని, గాలి ఆడేటట్టు మూతను సగం ఎత్తి తాడుతో కట్టి, నిదానంగా నడుపుకుంటూ పోయేవాడు. కారు నిండా గొర్రె వాసన. చుట్టాలు ఎక్కాలంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఎక్కేవాళ్ళు.

ఒకసారి ఆ తాడు తెగిపోయింది. మూత పైకి లేచిపోయింది, లోపలున్న పిల్ల ఎగిరి రోడ్డు మీదికి దూకి పక్కనున్న చీనీతోటలో, బత్తాయి చెట్ల నడుమ పడి పరుగు తీసింది. వెనకే పుల్లన్న. ఎవడో కాయలు కోసుకుపోతున్నాడనుకొని ఆయన వెనక తోటమాలి కట్టె తీసుకొని పరుగు. ముగ్గురూ తోటంతా తిరిగి చివరికి బోరు దగ్గర ఆయాసపడుతూ కూలబడ్డారు. ఆ కథ చెప్పి చెప్పి పుల్లన్న కడుపు పట్టుకొని నవ్వేవాడు. ఆ నవ్వు ఇంకా నోట్లో ఉండగానే, వారం తిరగకముందే, ఒక పొద్దున దొడ్డి దగ్గర గుండె పట్టుకొని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

ఆయన పోయినాక కారు డిక్కీ తెరుచుకోలేదు. తాళంచెవి తిరుగుతుంది, లోపల టక్కుమంటుంది, మూత మాత్రం వెంట్రుకవాసి కూడా లేవదు. జమ్మలమడుగు నుంచి వెంకటరమణ వచ్చి కాళ్ళు తన్నిపెట్టి లాగి చూశాడు. వెంకటరమణ అక్కమ్మకు సొంత తమ్ముడు. కూతురు రేణుకను ఇచ్చింది కూడా అతనికే, కాబట్టి అల్లుడు కూడా. ఎంత అల్లుడైనా అతని నోట్లో అక్కా అనే మాటే వస్తుంది, ఆమె నోట్లో ఒరే అనే మాటే వస్తుంది. అతను కారును ప్రొద్దుటూరుకు తోలుకుపోయి మెకానిక్ నబీ రసూల్‌కు చూపించాడు. నబీ రసూల్ చెవి పెట్టి విని, గొళ్ళెం ఇరుక్కుంది, రేకు కోసి తీయాల్సిందే అన్నాడు.

"కోయొద్దులేరా. ఉండనీ" అంది అక్కమ్మ.

దొడ్డి తడిక ఆయన కట్టింది వానకు కూలిపోతే మళ్ళీ కట్టారు. ఆయన చుట్టిన తలగుడ్డ ఉతికితే విడిపోయింది. ఆయన చేత్తో మూసింది మూసినట్టే ఉన్నది లోకంలో ఆ డిక్కీ ఒక్కటే. తెరిస్తే అది కూడా అయిపోతుంది.

పుల్లన్న గొంగడి ఆ డిక్కీలోనే ఉంది. సొంత గొర్రెల ఉన్నితో నేయించుకున్న నల్లగొంగడి. వాళ్ళ పెళ్ళిలో పీటల కింద అదే పరిచారు. రేణుకకు పేరు పెట్టినప్పుడు దాని మీదనే పడుకోబెట్టారు. వాళ్ళ ఇంట్లో బిడ్డ ఉయ్యాలెక్కే ముందు గొంగడి మీద వెన్ను ఆనించాలని మాట. రేణుకకు ఇప్పుడు రెండో కాన్పులో ఆడబిడ్డ పుట్టింది. జమ్మలమడుగులో పేరు పెట్టే పని పెట్టుకున్నారు.

"నాయన గొంగడి కావాల మా" అని ఫోనులో ఏడ్చినంత పని చేసింది రేణుక. "పెద్దోనికి దాని మీదనే పెడ్తిమి. దీనికి లేకుండా ఎట్లా?"

అక్కమ్మ ప్రొద్దుటూరు అంగట్లో కొత్త గొంగడి ఒకటి తెప్పించింది. మెత్తగా, బాగానే ఉంది. కానీ చేత్తో తడిమితే దాంట్లో ఏ గొర్రె జ్ఞాపకమూ లేదు. సరేలే, ఇదే పరుస్తాం అని మూట కట్టుకుంది.

ఆ పొద్దున వెంకటరమణ వచ్చి అదే కారులో అక్కను ఎక్కించుకున్నాడు. తోడు పక్కింటి మసరత్ కూడా బయలుదేరింది. ఊర్లో ఆడవాళ్ళ రవికలన్నీ కుట్టేది మసరతే. రేణుక బిడ్డకు చిన్నగౌను కుట్టి సంచిలో పెట్టుకుంది. మనిషి నిండుగా ఉంటుంది, నోరు ఇంకా నిండుగా ఉంటుంది.

ముద్దనూరు దాటి కొంచెం దూరం పోయినారో లేదో, కారు ఒక పక్కకు ఒరిగినట్టయి దడదడలాడింది. వెంకటరమణ దిగి చూసి తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. వెనక చక్రం నేలకు అంటుకొని ఉంది.

"స్టెప్నీ ఎయ్యప్పా, ఎంతసేపు?" అంది మసరత్.

"స్టెప్నీ యాడుంది?"

"నన్నడిగితే? కారు నాదా?"

"డిక్కీలో ఉంది మసరతక్కా, డిక్కీలో! జాకీ గూడా దాంట్లోనే."

ముగ్గురూ డిక్కీ వైపు చూశారు. అటూ ఇటూ శనగ చేలు, చేల గట్టున నిలబెట్టిన కడపరాళ్ళు. ఎండ అప్పుడే కళ్ళలో గుచ్చుతోంది. ఇంతలో రేణుక ఫోను.

"మామా, యాడున్నారు? అందరూ వచ్చేసినారు. బిడ్డ ఆకలికి ఏడుస్తాంది, పని అయిందాకా పాలియ్యొద్దంటాండారు."

"వస్తాండాంలే, వస్తాండాం" అని వెంకటరమణ ఫోను జేబులో పెట్టుకున్నాడు. తాళంచెవి తిప్పాడు, లాగాడు, మోకాలితో తన్నాడు. తర్వాత గట్టు మీదికి పోయి ఒక కడపరాయి ముక్క తెచ్చుకున్నాడు.

"ఏంది అది?" అంది అక్కమ్మ.

"పగలగొడతా. ఇంక నా వల్ల గాదు. అప్పుడే కోసుంటే ఈ అవస్త ఉండునా? బావ ఉండి ఉంటే ఆయనే నాలుగు తన్ని తెరుచును."

"రాయి కింద ఎయ్యిరా."

"అక్కా, బిడ్డ ఏడుస్తాంది ఆడ."

"ఎయ్యమంటాండా గదా."

ఆమె గొంతు పెంచలేదు. అయినా వెంకటరమణ రాయి వదిలేశాడు. అక్కమ్మ కారు వెనక తలుపు తీసి, సీటు మీద మోకాళ్ళు ఆనించి, వీపు ఆనే మెత్తకూ పక్కరేకుకూ నడుమ సందులో వేలు పెట్టింది. అక్కడ చిన్న ఉన్నిపోగు ఇరుక్కొని ఉంది. దాని కింద ఇంకొకటి. సందు పొడుగునా తెల్లగా, బూడిదగా, ముళ్ళకంపకు మంద రాసుకుంటూ పోయినట్టు.

"గొర్రెపిల్లలు ఈడనుంచే పోయినాయి లోపలికి" అంది. "ఇది ఊడుతుంది. లాగు."

వెంకటరమణ వంగి చూశాడు. "నీకెప్పుడు తెలిసింది?"

కారు తుడిచిన ప్రతిసారీ ఆ ఉన్ని ఆమె కంట పడుతూనే ఉంది. తుడిచేది తుడిచి, దాన్ని మటుకు అట్లాగే వదిలేసేది.

మసరత్ ఆమె మొహం చూసింది. ఇంక ఆ ప్రశ్న సాగకుండా, "గమ్మునుండప్పా, లాగమంటే లాగు. వకీలు మాదిరి అడుగుతాండావు" అని అతని వీపు మీద ఒకటి వేసింది.

కింది మెత్త లేచింది. వీపు మెత్త పై కొక్కేలు వదిలి ముందుకు పడింది. వెనక చీకటి బొరియ మాదిరి సందు. వెంకటరమణ భుజం దూర్చబోయి ఇరుక్కున్నాడు.

"నేను దూరితే మళ్ళా తీసేదానికి క్రేను రావాల" అంది మసరత్. "నువ్వే అక్కా. దేవుడు నిన్ను ఇందుకే ఎండబెట్టినాడు."

అక్కమ్మ కొంగు నడుముకు బిగించి, తల ముందు పెట్టి, ఒక భుజం, తర్వాత ఇంకో భుజం, దొడ్డి తడిక కింద దూరినట్టు దూరి లోపలికి పోయింది.

లోపల వేడిగా ఉంది. కంటికి ఏమీ కనిపించలేదు. కానీ వాసన వచ్చింది. ఉన్ని, ఎండిన గడ్డి, పాలు, బీడీ. ఆమె చెయ్యి మెత్తని గరుకు మీద పడింది. గొంగడి. నాలుగు మడతలు వేసి ఉంది, పుల్లన్న వేసే మడత, అంచులు లోపలికి. పక్కన గొర్రెపిల్లకు పాలు తాపే సీసా, రబ్బరు పీక గట్టిపడిపోయింది. ఎండి రాయి మాదిరి అయిన చీనీకాయ ఒకటి దొర్లింది. ఆ తోటలోదే అయ్యుంటుంది. తోటమాలి ఊరికే కట్టె ఎత్తుకోలేదన్నమాట! చీకట్లో అక్కమ్మకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చిన దారినే కన్నీళ్ళు కూడా వచ్చాయి. ఆమె దేన్నీ ఆపుకోలేదు. గొంగడి మీద చెంప పెట్టి ఉండిపోయింది.

"అక్కా! లోపల నిద్రబోయినావా ఏంది?" మసరత్ కేక.

"తెరుస్తాండా."

గొళ్ళెం కోసం తడిమింది. చేతికి తాడు తగిలింది. మేకవెంట్రుకలతో పేనిన తాడు, పుల్లన్న తొడ మీద పేనుకునే తాడు. గొళ్ళెం ఇరుక్కోలేదు, అరిగి జారిపోతోంది. పిల్ల దూకేసినాక, మళ్ళీ మూత లేవకుండా, సీటు సందులోనుంచి చెయ్యి పెట్టి మూతను కింది కొక్కేనికి బిగించి కట్టేశాడు మహానుభావుడు. దొడ్డి తడికను ఎట్లా కడతాడో అట్లాగే. ఎవరితోనైనా చెబుదామనుకునేలోపల పోయాడు.

"లోపల కట్టేసినాడురా మీ బావ!"

"కట్టేసినాడా? కారునా?" వెంకటరమణ నవ్వలేక, ఊరుకోలేక, "కత్తి ఇస్తా, కోసెయ్" అన్నాడు.

"కత్తి ఎందుకు?"

ఆ ముడి ఆమెకు తెలుసు. రాత్రిపూట నక్కలు వస్తే తడిక చప్పున తీయడానికి వేసే ముడి. ఒక కొస పట్టి లాగితే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. పెళ్ళైన కొత్తలో ఆయనే ఆమె చేతులు పట్టుకొని నేర్పాడు. కొస వేలికి దొరికింది. కొంచెంసేపు పట్టుకొని ఉంది. లాగితే ఇంక ఆయన వేసింది అంటూ ఏదీ మిగలదు.

దూరంగా మళ్ళీ ఫోను మోగింది. ఫోనులో పసిబిడ్డ ఏడుపు, సన్నగా, కోపంగా.

లాగకుండా ఉండేదానికి ఆయన ఈ ముడి వేయలేదు కదా అనుకుంది. లాగింది.

మూత ఎగిరి పైకి లేచింది. ఎండ ఒక్కసారిగా మీద పడింది. డిక్కీలో గొంగడి ఒళ్ళో పెట్టుకొని, జుట్టు నిండా గడ్డిపరకలతో కూర్చొని కళ్ళు చికిలిస్తున్న అక్కమ్మను చూసి మసరత్ రోడ్డు మీదనే కూలబడి నవ్వింది.

"యా అల్లా! పల్లకీలో పెండ్లికూతురు మాదిరి ఉండావు గదక్కా!"

అక్కమ్మ కూడా నవ్వింది. మొగుడు పోయినాక ఆమె అంత నవ్వు నవ్వడం తమ్ముడు చూడలేదు. అతను మొహం తిప్పుకొని, స్టెప్నీ తీసే నెపంతో డిక్కీలోకి వంగాడు.

జమ్మలమడుగులో కారు ఆగేసరికి చుట్టాలంతా గడపలోనే ఉన్నారు. కొత్త గొంగడి మూట మూటగానే ఉండిపోయింది. పాతదాన్ని విదిలిస్తే వాకిలంతా దుమ్ము లేచింది. ఒక మూల పురుగు కొట్టిన చిల్లి ఉంది. రేణుక దాన్ని ముట్టుకుని, "నాయన వాసన" అని మాత్రం అంది. బిడ్డను దాని మీద పడుకోబెట్టారు. ఏడుస్తున్నది కాస్తా గరుకు తగలగానే ఏడుపు ఆపి, పిడికిట్లో ఇంత ఉన్ని పట్టుకొంది. చెవిలో లహరి అని పేరు చెప్పేలోపలే వెచ్చగా గొంగడి తడిపేసింది.

"అయ్యో, తాత గొంగడి!" అంది ఎవరో పెద్దమ్మ.

"తడపనీలే" అంది అక్కమ్మ. "అది వానలు శానా సూసింది."

సాయంత్రం గొంగడి ఉతికి మిద్దె గోడ మీద ఆరేశారు. అక్కమ్మ తిరుగుప్రయాణానికి సిద్ధమై, తాడును వేళ్ళకు చుట్టుకుంటూ కారు దగ్గర నిలబడింది.

"మళ్ళా కట్టేస్తావా ఏంది, బావ మాదిరి?" అన్నాడు వెంకటరమణ.

"ఇప్పటికి ఇంకో తాడుతో కట్టు. రేపు నబీ రసూల్ కాడికి తోలకపోయి కొత్త గొళ్ళెం ఎయ్యించు."

"తెరవనే వద్దంటివి గదక్కా!"

"మన బూడిదగొర్రె పిల్లకు కాలు వాచింది. పులివెందులకు తీసకపోవాల. రోజూ నేను సీటు సందులో దూరతానా?"

"తోలేదెవరు?"

"నువ్వే. అక్క గొర్రెలకు డ్రైవరు పని దొరికిందనుకో."

వాళ్ళు తొండూరు చేరేసరికి చీకటి పడుతోంది. మసరత్ ఇంటికి పోతూ కూడా, పల్లకీ మాట తలుచుకొని నవ్వుతూనే పోయింది. అక్కమ్మ నేరుగా దొడ్డి దగ్గరికి పోయి, తడికకున్న ప్లాస్టిక్ తాడు విప్పి పారేసి, చేతిలోని మేకవెంట్రుకల తాడుతో ముడి వేసింది. కొస పట్టి ఒకసారి లాగి చూసింది. ఊడి వచ్చింది. మళ్ళీ వేసి, కూడు వండుకోవడానికి లోపలికి పోయింది.