కోటకు పోదామన్న బుధవారం

పెనుకొండ కోట పేరు ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ నాకు మా మామ మీద కోపం వస్తుంది. మామ అంటే మా అమ్మ తమ్ముడు. అయినవాళ్ళలో నేను అందరికంటే ఎక్కువ నమ్మిన మనిషి. నమ్మి చెడినవాళ్ళు లేరంటారు పెద్దలు. వాళ్ళకూ ఇట్లాంటి మామ ఒకడు ఉండి ఉంటే ఆ మాట అనేవాళ్ళు కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వానలు వరసగా మొహం చాటేసిన రోజులవి. ఏడో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. పశువుల మేపుకు వేసిన వామిలో వేరుశనగ కట్టె అడుగంటింది. ఊళ్ళో ఒక్కొక్కరే పశువుల్ని అమ్మేస్తున్నారు. మా ఎద్దులు అప్పటికే పోయాయి, మిగిలింది ఒక పెయ్య. అది పుట్టిన కొద్దిరోజులకే తల్లి చచ్చిపోతే, పాలల్లో వేళ్ళు ముంచి చప్పరింపజేసి నేనే బతికించాను. నా వెనక తప్ప ఇంకెవరి వెనకా నడిచేది కాదు.

దాన్ని కూడా అమ్మేస్తారని నాకు తెలుసు. అందుకే సంత జరిగే శుక్రవారం తెల్లారకముందే పోయి కొట్టంలో దాని పక్కన కూర్చునేదాన్ని. ఎవరు పిలిచినా లేచేదాన్ని కాదు. అన్నం కూడా అక్కడే తినేదాన్ని. నాయన రెండు మూడు వారాలు చూసి, తిట్టి, ఊరుకున్నాడు. గెలిచాననుకున్నాను.

ఒక మంగళవారం సాయంత్రం మామ వచ్చాడు.

"పాపా, రేపు కోటకు పోదామా? రాజులు ఎండాకాలం ఆడ్నే ఉండేవాళ్ళంట."

ఆ కోట చూపించమని ఏడాదిగా నేనే ఆయన ప్రాణం తీస్తున్నాను. అయినా కదల్లేదు. "పెయ్యను అమ్మేస్తే?" అని అడిగాను.

"రేపు బుధవారం గదా. సంత యాడుండాది?" అన్నాడు.

నిజమే కదా అనిపించింది. పశువుల్ని అమ్మేది సంతలోనే అని నా నమ్మకం.

సోమందేపల్లె దాకా ఆటోలో పోయాం. అక్కడి నుంచి పెనుకొండ ఎంత దూరమని, బస్సెక్కితే కూర్చుని లేచినంతసేపు పట్టదు. మొదటి బస్సు వచ్చేసరికి మామ టీ తాగుతున్నాడు. రెండోది వస్తే, "సీటు లేదు, ఇంగోటొస్తాదిలే" అన్నాడు. మూడోది ఎక్స్‌ప్రెస్, ఆగకుండా పోయింది. పాపం, అందులో మాత్రం ఆయన తప్పు లేదు. ఎండ నడినెత్తికి వచ్చాక ఎట్లాగో ఒక బస్సెక్కాం.

పెనుకొండలో దిగాక కోటకు పోతామనుకుంటే తెలిసినాయన టైలర్ షాపుకు తీసుకుపోయాడు. అక్కడ కూర్చుని ఊరివాళ్ళ బాగోగులన్నీ తీరిగ్గా మాట్లాడుకున్నారు. తరువాత భోజనం. ఆ తరువాత ఎండ తగ్గాలి. నేను కాళ్ళు నేలకేసి కొడుతుంటే చివరికి కొండ కింద కోటగోడ దగ్గరికి నడిపించాడు. పెద్ద రాళ్ళ గోడ, దానికో గుమ్మం, ఆ గుమ్మంలోంచి పోతూ వస్తూ ఆటోలు.

"కోటంటే ఇదేనా మామా?"

"ఇదే. పైన గూడా ఇట్లాంటి రాళ్ళే."

నేనొక్కదాన్నే కొండెక్కుతానని పరిగెత్తబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంత ఎండలో పైకెక్కితే పడిపోతావు. నీకేమన్నా అయితే మీ అమ్మకు నేనేం జెప్పేది?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఊరుకోబెట్టడానికి అంగళ్ళ వీధికి తీసుకుపోయాడు. పైసా రాల్చని మనిషి ఆరోజు అడిగిందల్లా కొనిచ్చాడు: కూల్‌డ్రింకు, గాజులు, రిబ్బన్లు. నా సంబరం చూసి తనూ నవ్వాడు.

"పెయ్యకొక మెడగంట కొందాం మామా," అన్నాను.

ఆ ఒక్కటి మాత్రం కొనలేదు. "ఇప్పుడెందుకులే పాపా," అని మొహం పక్కకు తిప్పుకున్నాడు. డబ్బులు అయిపోయాయేమో అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలోనూ అదే తంతు. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. మామ గడప తొక్కకుండానే, "నేనిట్లే పోతా" అని వెళ్ళిపోయాడు. నేను గాజులు గలగలలాడించుకుంటూ నేరుగా కొట్టంలోకి పోయాను. పెయ్య లేదు.

నాయన అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. అమ్మే చెప్పింది: "బేరగాళ్ళు ఇంటికాడికే వచ్చి కొనుక్కోని పోయినారు పాపా. మేపు యాడ తెద్దుము? మీ మామను మేమే పిలిపిస్తిమి."

అప్పుడు అర్థమైంది ఆ టీ, ఆ సీట్లు, ఆ ఎండ. అందరూ కలిసి తడిగుడ్డతో గొంతు కోశారు. మేపు లేదని నాకు తెలియదా? రోజూ వామి దులిపింది నేనే కదా. ఎదురుగా చెప్పి అమ్మి ఉంటే ఏడ్చి ఏడ్చి ఊరుకునేదాన్ని. దాని మెడ నిమిరి పంపేదాన్ని. మా నాయన మీద, అమ్మ మీద కోపం కొన్నాళ్ళకు పోయింది. వాళ్ళ కరువు వాళ్ళది. కానీ మామ నవ్వుతూ నాకు గాజులు తొడిగించాడు. అది నేను మరిచిపోలేకపోయాను.

అమ్మ పిలుస్తున్నా నేను కొట్టంలోంచి రాలేదు. ఒకటే మాట అడిగాను. "అది ఎవురెంబడీ పోదే. ఎట్ల పోయింది?"

అరుగు మీంచి నాయన తల ఎత్తకుండానే చెప్పాడు. "లారీ కాడికి పోయి మొండికేసె. ముగ్గురు తోసినా ఎక్కలేదు. దండెం మీద నీ పావడ ఉంటే తెచ్చి లారీలో లోపల కట్టినా. వాసన జూసుకుంటా అదే ఎక్కె."

నేను లారీలో ఉన్నాననుకుని ఎక్కింది.