ఉలికిపాటు మాస్టారు

మాస్టారికి లేని వస్తువులంటే మహా భయం. ఉన్న వస్తువులతో ఆయన ఎలా ఉంటారో ఎవరూ పట్టించుకోలేదు గానీ, లేనివి కనబడితే మాత్రం కుర్చీలోంచి ఎగిరి గంతేసేవారు. తెరలోంచి ఒక గిన్నె గాల్లోకి తేలి వచ్చిందా, కుర్చీతో సహా వెనక్కి జరిగేవారు. చేప ఈదుకుంటూ వచ్చిందా, తల పక్కకి వంచి దానికి దారి ఇచ్చేవారు. సొరుగు తెరుచుకుందా, తగలకుండా పొట్ట లోపలికి పీల్చుకునేవారు. తమాషా ఏమిటంటే ఆ గిన్నెనీ చేపనీ సొరుగునీ చేయించింది ఆయనే. త్రీడీ బొమ్మల మీదా, మనిషి లోపలికి నడిచి వెళ్లగలిగే బొమ్మల గదుల మీదా పరిశోధన చేసే ల్యాబుకి ఆయనే పెద్ద.

ఉలిక్కిపడి ఊరుకుంటే పోనీలే అనుకోవచ్చు. ఊరుకునేవారు కాదు. అది ఎంత దూరంలో ఉందో గొంతు చించుకుని చెప్పేవారు.

"అమ్మో! మోచేతికి జానెడు దూరంలో ఉంది! అదిగో, వెనక్కి పోతోంది... మూరెడు... రెండు మూరలు... హమ్మయ్య, గోడ దాకా పోయింది!"

కంప్యూటర్లు వెంట్రుకవాసి లెక్కలు కట్టే చోట ఈ బెత్తెడు, జానెడు, బారెడు కేకలు విని, ఇక్కడ తాళ్లు కొలిచి అమ్ముతారా అని తలుపు తీసి అడిగినవాళ్లున్నారు.

ల్యాబంతా ఆయన్ని చాటుగా ఉలికిపాటు మాస్టారు అనేవాళ్లు. చాటుగా అనడం మర్యాద కోసమే గానీ ఆయనకి తెలియక కాదు. ఫోను ఎత్తి, "ఆఁ, ఉలికిపాటు మాస్టార్నే. చెప్పండి" అనేవారు.

ఇప్పుడైతే ఆ బొమ్మల గదులు చూపించే కళ్లద్దాలని జనం సంచీలో వేసుకు తిరుగుతున్నారు. ఆ రోజుల్లో అది హెల్మెట్టు. బావిలో బకెట్టులా కప్పీకి వేలాడుతూ ఉండేది. కిందికి లాక్కుని తలకి తగిలించుకుంటే ముందు కాస్త చీకటి, తర్వాత సన్నగా తెల్లవారినట్టు ఒక గది. ఆ గదిలో బల్ల, బల్ల మీద గిన్నె, కిటికీలోంచి ఎప్పటికీ సాయంత్రం కాని ఎండ. ఆ ఎండని వేసింది నీడలమ్మాయి.

నీడలమ్మాయి అంటే, వస్తువులకి నీడలు వేసే ప్రోగ్రాములు రాసే అమ్మాయి. గిన్నె చేసేవాళ్లు వేరు, గిన్నెకి రంగు పూసేవాళ్లు వేరు. ఆ గిన్నె బల్ల మీద ఆనిందా, అంగుళం పైన తేలుతోందా అన్నది చెప్పే నీడ మాత్రం ఆమె చేతిలోంచే రావాలి. ఆమె నీడ పరిచాక గిన్నెకి ఒక్కసారిగా బరువు వచ్చేది. చూసేవాళ్లు చెయ్యి చాచి దాన్ని పట్టుకోబోయేవాళ్లు.

ఇంత చేసే అమ్మాయికి ఒక రహస్యం ఉంది. ఆమెకి త్రీడీ కనబడదు.

చిన్నప్పుడు మెల్లకన్ను. ఆపరేషను చేస్తే కళ్లు సూటిగా కుదిరాయి గానీ చూపులు కలవలేదు. మాటల్లేని తోడికోడళ్లలా, ఒకటి వంటింట్లోకి వస్తే రెండోది వసారాలోకి వెళ్లిపోతుంది. బయటి ప్రపంచంతో ఆమెకి పేచీ లేదు. దగ్గరున్నవి పెద్దగా, దూరానున్నవి చిన్నగా ఉంటాయి, వస్తువు పక్కన నీడ ఉంటుంది, తల కదిపితే అన్నీ కదులుతాయి. వాటితోనే ఆమె రోడ్లు దాటింది, సైకిలు తొక్కింది. కానీ ల్యాబంటేనే రెండు కళ్లకీ రెండు బొమ్మలు చూపించి లోతు పుట్టించే యంత్రం. అక్కడ అందరికీ ముక్కు మీదికి వచ్చే చేప, ఆమెకి మాత్రం గోడకి అంటించిన కాగితం చేప.

ఉద్యోగానికి ఇంటర్వ్యూ రోజున తెరలోంచి గిన్నె బయటికి వచ్చింది. అది పట్టుకోమన్నారు. ఆమె చెయ్యి చాచింది. ఎంత దూరం చాచాలో తెలియదు. వేళ్లు గాల్లో ఆగిపోయాయి. అంతలో మాస్టారు కుర్చీ వెనక్కి పడేలా లేచి అరిచారు.

"అమ్మాయ్, జాగ్రత్త! నీ ముక్కుకి జానెడు దూరంలో ఉంది! కాస్త ఎడమకి! తగులుతుంది, తగులుతుంది!"

జానెడు దూరంలో, కాస్త ఎడమకి, ఆమె గుప్పిట మూసింది. తెర మీద గిన్నె ఆమె చేతిలోకి వచ్చేసింది. ఉద్యోగం వచ్చింది.

పాపం పెద్దాయన, ఎంత పిరికివారో అనుకుంది ఆమె బస్సులో ఇంటికి వెళ్తూ. తన అదృష్టానికి తనే నవ్వుకుంది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన పిరికితనం మీదే ఆమె ఉద్యోగం నడిచింది. "బెత్తెడు పైకి లేచింది బాబోయ్!" అని ఆయన అరిస్తే ఆమె నీడని అంత దూరం జరిపేది. "మీద పడుతోంది!" అంటే నీడని చిక్కబరిచేది. మిగిలినవాళ్లు చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లు. హెల్మెట్టుకి అద్దాలు అరగదీసి అమర్చే అద్దాలాయన అయితే చెయ్యెత్తి దండం పెట్టేవాడు.

"మాస్టారూ, మీరు అరిచినప్పుడల్లా నా చెయ్యి వణుకుతోంది. మొన్న రెండు అద్దాలు పోయాయి."

"నీ అద్దాల్లోంచి వచ్చిన పిల్లి నా తొడ మీద కూర్చోబోయిందయ్యా! దానికి చెప్పు!"

ఒకసారి జలుబు చేసి మాస్టారి గొంతు పోయింది. ల్యాబంతా లోలోపల పండగ చేసుకుంది. నీడలమ్మాయికి మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు. తెల్లారేసరికి మాస్టారు మెడకి మఫ్లరు చుట్టుకుని, చంకలో ఇంటినుంచి తెచ్చిన సత్తుపళ్లెం, చేతిలో గరిటె పెట్టుకుని దిగారు. వస్తువు దగ్గరికి వస్తే గబగబా, దూరం పోతే నెమ్మదిగా ఆ పళ్లెం వాయించారు. ఆ వారం అందరూ గొంతున్న మాస్టారి కోసం మొక్కుకోవడం ఒక్కటే తక్కువ.

మరోసారి అందర్నీ ఇంటికి భోజనానికి పిలిచారు. అద్దాలాయన నోరు ఊరుకోక, "అమ్మగారూ, ఇంట్లో కూడా ఈయన ఇంతేనా? నీడ చూసి దడుచుకుంటారా?" అని అడిగాడు.

అమ్మగారు వడ్డిస్తూ ఆగిపోయారు. "ఎవరు, ఈయనా? పోయినేడు వంటింట్లోకి తేలు వస్తే తోక పట్టుకుని బయటికి తీసుకెళ్లి, మంచీ చెడ్డా మాట్లాడి వదిలేసి వచ్చారు. ఈయనకి భయమన్నది ఉంటే నేను ఎప్పుడో బాగుపడేదాన్ని."

మాస్టారు దగ్గారు. "నిజం తేలు కదే. దానికి భయమెందుకు?"

అందరూ నవ్వారు. నీడలమ్మాయి కూడా నవ్వింది.

అంతా సాఫీగా ఉండగా సంస్థ మొత్తానికి కొత్త డైరెక్టరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఏదీ కొలవకుండా నమ్మనివాడు. వస్తూనే ఒక పెట్టె తెప్పించాడు. అందులోకి చూస్తే చుక్కలే చుక్కలు. రెండు కళ్లూ కలిసి పనిచేసేవాళ్లకి కాసేపటికి ఆ చుక్కల్లోంచి ఒక ఆకారం లేచి నిలబడుతుంది. కలవనివాళ్లకి ఎంతసేపు చూసినా చుక్కలే. నీడ ఉండదు, వెలుగు ఉండదు, పట్టుకోవడానికి ఇంకే ఆధారమూ ఉండదు.

"లోతు కనబడనివాళ్లని త్రీడీ పనిలో పెట్టుకోవడం వాళ్లకీ మనకీ అన్యాయం. రేపు అందరూ చూడాలి. కనబడనివాళ్లకి స్టోర్సులో చోటు చూద్దాం" అన్నాడు డైరెక్టరు.

స్టోర్సంటే కింది అంతస్తులో వైర్ల చుట్టలూ, విరిగిన కుర్చీలూ ఉండే గది. అక్కడ ట్యూబులైటు నీడ తప్ప ఇంకో నీడ లేదు.

నీడలమ్మాయి ఆ సాయంత్రం అక్కకి ఫోను చేసింది.

"రేపు దొరికిపోతానే అక్కా."

"పక్కవాళ్లది చూసి రాసెయ్యవే."

"వాళ్ల కళ్లలో కనబడేది ఎలా చూసి రాయనే?"

"మరి మీ పిచ్చి మాస్టారు అరుస్తారుగా?"

"పెట్టెలోకి ఒకేసారి ఒక్కళ్లే చూడాలట."

"పోనీ, వెళ్లి నిజం చెప్పేసి రా. అన్నం తిని పడుకో" అంది అక్క.

మర్నాడు వరసలో అందరికన్నా ముందు మాస్టారు నిలబడ్డారు. ఇవాళ పెట్టె పగలగొట్టేస్తారని పందాలు వేసుకున్నారు. అద్దాలాయన ముందుజాగ్రత్తగా ఆయన వెనక ఒక మెత్తటి కుర్చీ కూడా వేశాడు. మాస్టారు వంగి పెట్టెకి మొహం ఆనించారు. ఉలిక్కిపడలేదు. కేక లేదు. పొట్ట కూడా లోపలికి పీల్చుకోలేదు.

"ఏం కనబడుతోంది సార్?" అన్నాడు డైరెక్టరు.

"ఇసుక."

"కాస్త నిదానంగా చూడండి."

మాస్టారు నిదానంగా చూశారు. "తడి ఇసుక."

"ఏదో ఆకారం పైకి లేవాలి కదా సార్?"

"నేనూ దాని కోసమే చూస్తున్నానండి. లేవడం లేదు. పడుకుందేమో."

డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి ఇన్నేళ్లూ మీరు దేన్ని చూసి భయపడ్డారు?"

"నీడల్ని" అన్నారు మాస్టారు. "ఆ అమ్మాయి వేసే నీడని బట్టే గిన్నె ఎక్కడుందో నాకు తెలిసేది. సరే, స్టోర్సు ఎటువైపండీ? ఇన్నాళ్లూ ఉన్నాను గానీ ఎప్పుడూ వెళ్లలేదు." అని నిజంగానే బల్ల మీద పెన్నులు ఏరి జేబులో పెట్టుకోసాగారు.

"కూర్చోండి సార్, కూర్చోండి" అన్నాడు డైరెక్టరు కంగారుగా. ల్యాబు పుట్టించిన మనిషిని వైర్ల చుట్టల మధ్య కూర్చోబెడితే పైవాళ్లకి ఏమని చెప్పాలి?

"నేను అనేది ఒక్కటే," అన్నారు మాస్టారు పెన్నులు తీసి మళ్లీ బల్ల మీద పెడుతూ. "రేపు ఈ హెల్మెట్టు ఊళ్లో జనం పెట్టుకుంటారు. వాళ్లలో ఇసుక తప్ప కనబడనివాళ్లూ ఉంటారు. గుమ్మం దాకా వచ్చి వాళ్లు వెనక్కి పోవాలా? వాళ్ల తరఫున లోపల ఒకళ్లు ఉండొద్దూ?"

ఆయన ఒక్కరే అలా నిలబడి ఉంటే నీడలమ్మాయి చూడలేకపోయింది. చెయ్యి ఎత్తింది.

"సార్, నాకూ ఇసుకేనండి. పెట్టెలోకి చూడక్కర్లేదు. మొదట్నుంచీ అంతే."

డైరెక్టరు ఆమె వంక, తెర మీద గిన్నె కింద ఒదిగి కూర్చున్న నీడ వంక, మళ్లీ ఆమె వంక చూశాడు. ఆ కొలత ఆయన పెట్టెలో లేదు.

"ఇది... మీరు... లోతు కనబడకుండా వేశారా?"

"కనబడదు కాబట్టే వేశానండి. నీడ లేకపోతే నాకు గిన్నె ఎక్కడుందో తెలియదు."

అద్దాలాయన గబుక్కున పెట్టెలోకి తొంగిచూశాడు. "నాకు ఏనుగు కనబడుతోంది సార్!"

"అందులో ఉన్నది చతురస్రమయ్యా."

"అయితే నన్ను కూడా ఇసుక వైపు రాసుకోండి."

ఆ మధ్యాహ్నానికి స్టోర్సు మాట వెనక్కి వెళ్లిపోయింది. ఒంటికన్నుతో చూసినా లోతు తెలిసేలా ప్రతి బొమ్మనీ సరిచూసే పని ఒకటి కొత్తగా పుట్టింది. దానికి నీడలమ్మాయే పెద్ద. మాస్టారు ఆమె కింద సభ్యుడు.

సాయంత్రం ల్యాబు ఖాళీ అవుతున్నప్పుడు ఆమె మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లింది. కిటికీలోంచి నిజం ఎండ వాలుతోంది. ఆయన టీ తాగుతున్నారు. పక్కనే అద్దాలాయన నిచ్చెనెక్కి హెల్మెట్టుకి కొత్త అద్దం బిగిస్తున్నాడు.

"మాస్టారూ, మీరూ నాలాంటివారేనా! ఎన్నడూ చెప్పలేదేం?" ఆమె గొంతులో ఊళ్లో సొంత మనిషి కనబడినంత సంతోషం.

"ఆఁ... అదేనమ్మా... అలా గడిచిపోయింది," అని మాస్టారు టీలోకి చూస్తూ నసిగారు.

పైన అద్దాలాయన చెయ్యి జారింది. రూపాయి బిళ్లంత అద్దం మెరుస్తూ సూటిగా ఆమె మొహం మీదికి వచ్చింది. మాస్టారు ఓరకంట చూశారంతే, తల ఎత్తలేదు. కప్పులో టీ తొణకలేదు. ఎడమ చెయ్యి ఒక్కటి లేచి, ఆమె ముక్కుకి బెత్తెడు దూరంలో ఆ అద్దాన్ని రెండు వేళ్లతో, కొమ్మ మీంచి పువ్వు తుంచినట్టు, అందుకుంది.

మాస్టారు తన చేతి వంక చూసుకున్నారు. ఆమె వంక చూశారు. తనకి దూరాలు తెలియకూడదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అంత పెద్దాయన కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతి,

"అమ్మో!" అన్నారు.

"ఇప్పుడెందుకు మాస్టారూ?" అంది ఆమె. ఆమెకి నవ్వొస్తోంది. "నా సంగతి ఎప్పట్నుంచి తెలుసు?"

"ఇంటర్వ్యూలో నువ్వు చెయ్యి చాచినప్పుడే. మసక చీకట్లో గొళ్లెం వెతుక్కున్నట్టు చాచావు."

"మరి అప్పుడే అడగొచ్చుగా?"

"అడిగితే సిగ్గుపడి వెళ్లిపోయేదానివి." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అరవడం ఎంతసేపమ్మా? మొదట్లో కాస్త ఇబ్బందిగా ఉండేది. తర్వాత సరదా పుట్టింది. ఆ పిల్లికి మాత్రం ఒకసారి నిజంగానే దడుచుకున్నాను."

"మాస్టారూ, నా అద్దం!" అని నిచ్చెన మీంచి అద్దాలాయన పొలికేక పెట్టాడు. "మీరు దాంతో టీ కలుపుతున్నారు!"