ఆగిపోయిన బొమ్మకు కాపలా

ఇందాక వీడియో కాల్‌లో నీ ముఖం ఆగిపోయింది బుజ్జీ. సగం నవ్వు, గాలిలో ఎత్తిన చెయ్యి, అంతే. నేను చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే బయట వీధి కుళాయి దగ్గర ఎవరో స్టీలు బిందెను గచ్చు మీద గర్రుమని ముందుకు జరిపారు. నువ్వు తిరిగొచ్చి, "అమ్మమ్మా, నెట్ పోతే కట్ చేసి మళ్ళీ చెయ్యొచ్చు కదా, అలా కూర్చుంటావెందుకు?" అన్నావు. అలవాటమ్మా, అన్నాను. ఆ అలవాటు నేర్పిన మనిషి గురించి నీకూ తమ్ముడికీ ఎప్పుడూ చెప్పలేదు.

మేం గరివిడిలో ఉన్నప్పుడు నేను జాకెట్లు కుట్టే గది పక్కనే సారమ్మక్క ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. నాకు యాభై దాటాయి, ఆవిడకు అరవై. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆ గొంతు రోడ్డు దాకా వినిపించేది. నేనేమో నా కుట్టుమిషను చేసినంత చప్పుడు కూడా చెయ్యనిదాన్ని. జాకెట్టు కొలతలు తప్ప ఎవరినీ ఏమీ అడిగి ఎరగను. సెంటరుకు పొద్దున హాల్ టికెట్లకూ పరీక్షల ఫలితాలకూ జనం వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం ఖాళీ. ఒకరోజు గోడ అవతలి నుంచి పిలిచింది.

"ఒసే పారోతీ, మిషనాపి ఇలా రా. నీకో ఊరు సూపిస్తాను."

అదొక ఆట. కంప్యూటర్లో ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు, పేజీ తెరిస్తే చాలు, ఆవిడ ముసలి కంప్యూటర్ల మీద కూడా నడిచేది. ఒక కోట, దాని చుట్టూ అడవి, అడవిలో తోడేళ్ళు. మనకో బొమ్మ ఉంటుంది. అక్కడ తిరిగే మిగతా బొమ్మల వెనకా ఎక్కడెక్కడో కూర్చున్న మనుషులే. మొదటి రోజే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పదిమందికి నమస్కారం పెట్టాను. బయట పదేళ్ళలో అంతమందిని నా అంతట నేను పలకరించి ఉండను.

అయితే ఆ ఆటలో ఒక చిక్కుంది. నెట్ పోయినా, మనం లేచి వెళ్ళినా, బొమ్మ ఎక్కడుంటే అక్కడే నిలబడిపోతుంది. కోటలోపలైతే ఫరవాలేదు. అడవిలోనైతే తోడేళ్ళు పీకి చంపేస్తాయి, సంపాదించుకున్నదంతా పోతుంది. ఓరోజు నా కంప్యూటర్ బిగుసుకుపోయింది. "పోతే పోయిందిలే అక్కా, బొమ్మేగా," అని లేచాను. సారమ్మక్క తల తిప్పలేదు. ఆవిడ బొమ్మ నా బొమ్మ పక్కన నిలబడి తోడేళ్ళను కొడుతోంది.

"కుళాయి కాడ వరసలో బిందె ఎట్టీసి పొయ్యి కాడికి ఎల్లిపోతావు. నీళ్ళొస్తే నీ బిందెని ఏటి సేస్తాం? పక్కకి తన్నీస్తామా?"

"ముందుకి జరుపుతారు."

"మరి ఇదీ నీ బిందే. కూకో."

ఆ తర్వాత అడవిలో ఎవరి బొమ్మ ఆగిపోయినా మా ఇద్దరి బొమ్మలూ చెరో పక్క నిలబడేవి. కోట వెనక ఒక ముసలి సిపాయికి మూడు మధ్యాహ్నాలు కాపలా కాశాం. చివరికి ఎవరో జాలిపడి, "అమ్మా, ఆయన మనిషి కాదు, ఆటవాళ్ళు పెట్టిన బొమ్మ," అని రాశారు. నేను కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

"నవ్వకే. తెలీనప్పుడు మనిషే అనుకోవాల. తప్పయితే ఏటి పోద్ది, మూడు మజ్జానాలు," అంది ఆవిడ.

ఆ ఆటను ఊరికే పొగడను. డబ్బు కట్టినవాళ్ళకు పెద్ద కత్తులిచ్చేవారు, కుళాయి దగ్గర పలుకుబడి ఉన్నవాళ్ళు బిందె ముందు పెట్టినట్టే. పొయ్యి మీద పాలు పొంగినా ఆట ఆగదు. దాని మోజులో ఒక టీచరుగారి జాకెట్టు రెండుసార్లు వాయిదా వేశాను. సారమ్మక్క నన్ను లేపి పంపేసింది. "ఆట నీది గానీ జాకెట్టు ఆవిడిది. ఎల్లు."

ఒక మధ్యాహ్నం గోడ అవతల కుర్చీ పడిన చప్పుడైంది. వెళ్ళేసరికి ఆవిడ నేల మీద ఉంది, నోరు ఒక పక్కకు లాగేసింది. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం నిలబడింది కానీ కుడిచెయ్యీ, మాటా పోయాయి. ఆ హడావిడిలో ఆవిడ కంప్యూటర్ ఆగిపోయింది. పక్కదాని తెర మీద చూస్తే ఆవిడ బొమ్మ అడవిలో బావి పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. దాన్ని కదిలించే పాస్‌వర్డ్ ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు.

నేను ఒక్కదాన్నే రోజంతా ఎలా కాయగలను? ఆ సాయంత్రం కోటలో కనిపించిన ప్రతివాళ్ళకూ రాశాను: "మా అక్కకు ఒంట్లో బాగోలేదు. తను లేచేదాకా బొమ్మ పోకూడదు. కాస్త నిలబడతారా?" నా జీవితంలో కొత్తవాళ్ళను సాయం అడగడం అదే మొదలు. వచ్చారు బుజ్జీ. ఒకప్పుడు మేం కాపలా కాసినవాళ్ళూ, మాకు తెలియనివాళ్ళూ వంతులు వేసుకున్నారు. పొద్దున తెరిచి చూస్తే బావి చుట్టూ నలుగురైదుగురు ఉండేవాళ్ళు.

నాలుగు నెలలు అలా సాగింది. తర్వాత ఆటవాళ్ళే దాన్ని మూసేస్తున్నట్టు ఒక ప్రకటన పెట్టారు. అన్నాళ్ళు ఆడినవాళ్ళను ఒక్క మాట అడగలేదు. ఆ ఆటలో పెద్ద కత్తులకంటే కూడా నాకు నచ్చనిది అదే. వెళ్ళి ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను.

"అక్కా, శుక్రవారంతో ఆట మూసేస్తారంట. నీ బొమ్మ బావి కాడే ఉన్నాది. ఎవులూ వదల్లేదు."

ఆవిడ ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపటికి పెదవులు కదిలాయి. "నా... బిందె..." అని ఆగిపోయింది. అప్పటికి సెంటరు చూసుకుంటున్న ఆవిడ కోడలు, "పిన్నీ, అలిసిపోయారు, ఇక రేపు రండి," అంది. నేను లేవలేదు. దీపాలు పెట్టేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాను. మాట రాలేదు.

శుక్రవారం గడిచాక పేజీ తెరిస్తే తెల్లగా వచ్చింది. ఆ నెలలోనే సారమ్మక్కా వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను తెలియనిది ఎవరినైనా అడిగి తెలుసుకుంటాను, బస్సులో పక్కవాళ్ళతో మాట్లాడతాను. మాట మధ్యలో ఎవరైనా ఆగిపోతే అందించను, ఆగుతాను. నీ ముఖం తెర మీద బిగుసుకుపోయినప్పుడు కట్ చెయ్యబుద్ధి కాదు. అవతల నువ్వున్నావు కదా. కానీ కుళాయి దగ్గర బిందె చప్పుడైనప్పుడల్లా ఆ మంచం పక్కనే ఉన్నట్టుంటుంది. సారమ్మక్క నన్ను ఏం చెయ్యమంది? తన బిందెను ముందుకు జరపమందా, ఇక వరసలోంచి తీసెయ్యమందా?